మాస్కోలో మన పంతులుగారు

రేణిగుంట నుండి అరక్కోణం పోయే రైలు దారిలో వచ్చే తిరుత్తణి మన జిల్లావాసులకు కొత్త ఊరు కాదు. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది గానీ, అంతవరకు అది చిత్తూరు జిల్లాలోని తాలూకాయే. ఆ ఊళ్ళో 1888 సెప్టెంబరు 5వ తేదీన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించారు. ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు బడిలో వారి పటానికి దండ వేస్తాం. గొప్ప తత్వవేత్త, రాష్ట్రపతి అని పిల్లలకు చెబుతాం. అయితే ఎక్కడో ఉన్న కొరియాలో యుద్ధం ఆపడానికి ఆయన పడిన పాటు గురించి చెప్పుకునేవారు తక్కువ. సంఘ సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు, ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పాలని ఈ ప్రయత్నం.

తండ్రి వీరాస్వామిగారు రెవెన్యూ కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. ఆస్తిపాస్తులు లేని తెలుగు కుటుంబం. ఎనిమిదేళ్ళ వయసులో, 1896లో, పిల్లవాడిని తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వారి బడిలో చేర్పించారు. హిందువుల పుణ్యక్షేత్రంలో క్రైస్తవుల బడి, అందులో బ్రాహ్మణ బాలుడు! ఒకరి మతం ఒకరు తెలుసుకుంటూ బ్రతకడం ఆయనకు ఆ వయసులోనే అలవాటయింది. తరువాత వేలూరులో, మద్రాసులో చదువు. మద్రాసు, మైసూరు, కలకత్తాలలో అధ్యాపకత్వం. 1931 నుండి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. ఆపై ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు పదవి. ఇలా ఆయన జీవితంలో ఎక్కువ భాగం పాఠం చెప్పడంలోనే గడిచింది.

అటువంటి పంతులుగారిని 1949లో నెహ్రూగారు సోవియట్ యూనియన్‌కు రాయబారిగా పంపారు. చాలామంది ముక్కున వేలేసుకున్నారు. రాజకీయం తెలియని మనిషి స్టాలిన్ దగ్గర ఏం నెగ్గుకొస్తాడని అనుమానం. పైగా స్వరాజ్యం వచ్చినా మన దేశం ఇంకా బ్రిటిషువారి చెప్పుచేతల్లోనే ఉందని అప్పట్లో మాస్కోవారి శంక. ఆయనకు ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్ గారికి స్టాలిన్ దర్శనమే దొరకలేదు. రాధాకృష్ణన్ గారికి మాత్రం 1950 జనవరిలో క్రెమ్లిన్ నుండి పిలుపు వచ్చింది. యుద్ధంలో గెలిచాక కత్తి దించిన అశోకుని కథను ఆ నియంతకు ఆయన వినిపించారని చెబుతారు. ఎదుటివాడు ఎంతటివాడైనా సరే, మొగమోటం లేకుండా, అలాగని మర్యాద తప్పకుండా మాట్లాడడం ఆయన పద్ధతి.

ఆ ఏడాదే జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలయింది. ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణాదికి వచ్చాయి. దక్షిణ కొరియాకు అమెరికా అండ, ఉత్తరానికి రష్యా అండ. ఉత్తర కొరియాది దురాక్రమణే అని ఐక్యరాజ్య సమితిలో మన దేశం ఒప్పుకున్నది, కానీ పోరాడేందుకు సైన్యం పంపలేదు. వైద్యదళాన్ని మాత్రం పంపింది. అప్పటికి కమ్యూనిస్టు చైనాకు సమితిలో చోటివ్వలేదని అలిగి రష్యా భద్రతా మండలికి రావడమే మానేసింది. తగవు తీర్చవలసిన పంచాయితీలో ఒక పక్షంవాడు కూర్చోకపోతే తీర్పు ఎలా కుదురుతుంది?

రాధాకృష్ణన్ గారు మాస్కోలో చూసిన దారి ఇదే. చైనాను మండలిలోకి రానివ్వాలి, రష్యా తిరిగి రావాలి, అందరూ ఒకచోట కూర్చుని పోరు ఆపాలి. సోవియట్ అధికారులతోనూ, మాస్కోలోని అమెరికా రాయబారితోనూ ఆయన మాట్లాడారు. 1950 జూలై నడుమ నెహ్రూగారు స్టాలిన్‌కు, అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్‌కు ఈ ధోరణిలోనే సందేశాలు పంపారు. స్టాలిన్ సమ్మతి తెలిపారు. అమెరికా ఒప్పుకోలేదు. దురాక్రమణ ఆపడానికి, చైనా సభ్యత్వానికి ముడిపెట్టడం కుదరదన్నది వారి వాదం. ఆ వాదంలోనూ కొంత బలం లేకపోలేదు. ఏమైతేనేం, ప్రయత్నం బెడిసింది.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నదని మనలో ఒక సామెత. మద్దెలకు రెండు వైపులా దెబ్బలే గదా! మధ్యవర్తి గతి కూడా అంతే. ఇటువారు మనల్ని కమ్యూనిస్టుల పక్షమన్నారు, అటువారు సామ్రాజ్యవాదుల తోక అన్నారు. అక్టోబరులో అమెరికా సేనలు 38వ రేఖ దాటితే ఊరుకోమని చైనా ప్రధాని చౌ ఎన్ లై పెకింగులోని మన రాయబారి పణిక్కర్ గారి ద్వారా హెచ్చరించారు. ఆ కబురునూ ఎవరూ చెవిన పెట్టలేదు. చైనా యుద్ధంలోకి దిగింది. లక్షలాది ప్రాణాలు పోయాయి.

1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకునేందుకు రాధాకృష్ణన్ గారు స్టాలిన్‌ను కలిశారు. ఇంటిపెద్ద తమ్ముణ్ణి తట్టినట్లు ఆయన చెంప తట్టి వచ్చారని చెప్పుకుంటారు. ఆ మే నెలలో మన దేశానికి తొలి ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన మాస్కో వదిలినా మన దేశం పట్టు వదల్లేదు. యుద్ధఖైదీల సమస్య దగ్గర సంధి చర్చలు చిక్కుపడితే, డిసెంబరులో కృష్ణమీనన్ గారి తీర్మానాన్ని సమితి ఆమోదించింది. మొదట రష్యా, చైనా కాదన్నాయి. స్టాలిన్ మరణించాక, 1953లో, దాదాపు ఆ దారినే ఒప్పందం కుదిరి జూలై 27న తుపాకులు ఆగాయి. ఇంటికి వెళ్ళమన్న ఇరవై రెండువేల పైచిలుకు ఖైదీల బాధ్యత మన సైన్యం మీద పడింది. తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షులు మన జనరల్ తిమ్మయ్యగారే. 1950లో ఎవరూ వినని దేశాన్ని మూడేళ్ళకు ఇరుపక్షాలూ నమ్మాయన్నమాట.

రాధాకృష్ణన్ గారు 1962లో రాష్ట్రపతి అయినప్పుడు ఉపరాష్ట్రపతి అయినవారు హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు. అంతకుముందే, 1948-49లో, విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఇద్దరూ పంతుళ్ళే. 1967లో ఒకరు దిగిన పీఠం మీద మరొకరు కూర్చున్నారు.

ఆ మధ్యకాలంలోనే, 1965లో, మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధం వచ్చింది. ఈసారి మనమే తగవులో ఉన్నాం. అప్పుడు మధ్యవర్తిగా వచ్చినది సోవియట్ దేశమే. 1966 జనవరి 10న తాష్కెంటులో శాస్త్రిగారు, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. ఒకనాడు ఇతరుల తగవు తీర్చడానికి మాస్కోలో తలుపులు తట్టిన మనిషి, మన తగవుకు అదే దేశం పెద్దరికం వహించడం రాష్ట్రపతి పీఠం నుండి చూశారు.

1975 ఏప్రిల్ 17న మద్రాసులో ఆయన కన్నుమూశారు. కొరియాలో యుద్ధం ఆగింది గానీ శాంతి ఒడంబడిక ఇంతవరకు కుదరలేదు. కనుక ఆయన పని పూర్తయిందని చెప్పలేం. అయితే ఒక్క సంగతి గమనించాలి. అన్నదమ్ముల గట్టు తగాదా అయినా, దేశాల తగాదా అయినా, పెద్దమనిషి మాట మొదటిరోజే ఎవరూ వినరు. వినలేదని అలిగి ఇంట్లో కూర్చుంటే, వినే రోజు వచ్చినప్పుడు పిలవడానికి మనిషి ఉండడు. మన తిరుత్తణి పంతులుగారు నేర్పిన పాఠాల్లో ఇది బడి పుస్తకంలో లేని పాఠం.