సభ తలుపులు మూసినప్పుడల్లా మొరార్జీ

సూరత్ నుంచి నవసారి వెళ్లే దారిలో, నగరం దక్షిణపు అంచున ఉన్ వస్తుంది. ఒకప్పటి పల్లె, ఇప్పుడు సూరత్‌లో కలిసిపోయిన పేట. సూరత్ మగ్గాలను నమ్ముకుని వెళ్లిన తెలుగు నేత కుటుంబాలకు ఆ వైపు దారులు కొత్తవి కావు. అదే దారిలో ఇంకా దక్షిణానికి పోతే వల్సాడ్, దాని దగ్గర భదేలీ. 1896 ఫిబ్రవరి 29న మొరార్జీ దేశాయ్ పుట్టింది అక్కడే. 1957 నుంచి 1977 దాకా జరిగిన ఐదు లోక్‌సభ ఎన్నికల్లోనూ సూరత్ నుంచి గెలిచింది ఆయనే.

మొరార్జీ అనగానే మద్యనిషేధం, మొండితనం, పది బడ్జెట్లు, ఆయన పాటించిన వింత వైద్యం గుర్తుకొస్తాయి. కానీ ఆయన జీవితంలో మరో వరస ఉంది. ఈ దేశంలో చట్టసభల నోరు కట్టేసిన ప్రతి ముఖ్య ఘట్టంలోనూ ఆయన ఎక్కడో ఒకచోట కనిపిస్తారు. కొన్నిసార్లు బాధితుడిగా, కొన్నిసార్లు ఎదిరించినవాడిగా, ఒకసారి స్వయంగా మూయించినవాడిగా.

బడిపంతులు కొడుకు. బొంబాయి విల్సన్ కాలేజీలో చదివి 1918లో ప్రొవిన్షియల్ సివిల్ సర్వీసులో చేరారు. పన్నెండేళ్లు డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేసి, 1930లో ఉద్యోగం వదిలి శాసనోల్లంఘనంలోకి దూకారు. 1937లో బొంబాయి రాష్ట్రంలో బి.జి.ఖేర్ ప్రభుత్వం ఏర్పడినప్పుడు రెవెన్యూ మంత్రి అయ్యారు. అదే సమయంలో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చూసింది మన టంగుటూరి ప్రకాశం పంతులు. ఇద్దరి పదవులూ ఒకేలా ముగిశాయి. భారతీయులను అడగకుండానే బ్రిటన్ ఈ దేశాన్ని యుద్ధంలోకి దించింది. దానికి నిరసనగా 1939 చివర్లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. వెంటనే గవర్నర్లు 1935 చట్టంలోని 93వ సెక్షన్ బయటికి తీశారు. శాసనసభ అధికారాలన్నీ గవర్నర్ చేతికి వెళ్లాయి. సభ్యులు కాగితాల మీద సభ్యులే, కానీ కూర్చోవడానికి సభ లేదు. బొంబాయిలోనూ మద్రాసులోనూ 1946 దాకా ఇదే పరిస్థితి. ఆ కాలంలో చాలా భాగం మొరార్జీ జైల్లోనే గడిపారు.

ఆ సెక్షన్ మీద అంత కోపం పెట్టుకున్న నాయకులే స్వతంత్ర రాజ్యాంగంలో దానికి 356వ అధికరణం అనే వారసుణ్ని ఉంచారు. ఈ సంగతి తర్వాత మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది.

సభను పిలవడం, ఆపడం, రద్దుచేయడం పాలకుడి చేతిలో ఉండటమనేది ఇంగ్లండ్ నుంచి మనకొచ్చిన ఆస్తి. సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ కొఠీ జోరుగా నడుస్తున్న రోజుల్లోనే, 1629లో, మొదటి చార్లెస్ రాజు పార్లమెంటును ఇంటికి పంపి 1640 దాకా మళ్లీ పిలవలేదు. పన్నెండో ఏట పిలిచిందీ ప్రేమతో కాదు, యుద్ధానికి డబ్బు చాలక. ఈ శతాబ్దంలోనూ 2019లో బోరిస్ జాన్సన్ ఐదు వారాలు పార్లమెంటును ప్రొరోగ్ చేయిస్తే, బ్రిటన్ సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టేసింది. మన రాజ్యాంగం 85వ అధికరణంలో రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని గీత గీసింది. గీతకు ఇవతల ఎప్పుడు పిలవాలన్నది మాత్రం ప్రభుత్వం ఇష్టం.

1952లో తమాషా ఒకటి జరిగింది. మొరార్జీ శాసనసభ ఎన్నికల్లో కేవలం 19 ఓట్లతో ఓడిపోయారు. అయినా ముఖ్యమంత్రి అయ్యారు, ఉపఎన్నికలో గెలిచి సభలోకి వచ్చారు. నియమాల మనిషిగా పేరుపడ్డ ఆయనకు ఇది తప్పనిపించలేదు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం మీద జరిగిన కాల్పుల్లో వందమందికి పైగా చనిపోయిందీ ఆయన హయాంలోనే. ఆ మచ్చను మరాఠీ జనం మరచిపోలేదు. ఆపైన ఢిల్లీ, వాణిజ్యం, ఆర్థిక శాఖలు, కామరాజ్ ప్రణాళికలో రాజీనామా, 1967లో ఉపప్రధాని పదవి, 1969లో ఇందిరతో తెగతెంపులు. ఇదంతా తెలిసిన కథే.

1974 దగ్గర ఆగాలి. నవనిర్మాణ్ ఆందోళన ధాటికి గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ ఫిబ్రవరి 9న దిగిపోయారు. కేంద్రం రాష్ట్రపతి పాలన పెట్టింది కానీ శాసనసభను రద్దుచేయలేదు, సుప్తచేతనావస్థలో ఉంచింది. ఈ మాట తెలుగువారికి అప్పటికే పరిచయం. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమ సమయంలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయాక మన శాసనసభనూ అలాగే నిద్రపుచ్చారు. డిసెంబరులో జలగం వెంగళరావును ముఖ్యమంత్రిని చేసి లేపారు. నిద్రలో ఉన్న సభ ఢిల్లీకి ఎంత సౌకర్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఎన్నికలు అక్కర్లేదు, గొడవ చల్లారాక తనకు నచ్చిన మనిషితో తలుపు తీయొచ్చు.

గుజరాత్‌లో ఆ ఎత్తు పారకుండా చేసింది మొరార్జీ. మార్చి రెండో వారంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. అప్పటికి ఆయన వయసు 78. కొద్ది రోజులకే సభ రద్దయింది. రద్దయినా ఎన్నికలు పెట్టలేదు. 1975 ఏప్రిల్‌లో మళ్లీ కూర్చున్నారు. ఇందిరాగాంధీ దిగివచ్చి జూన్‌లో ఎన్నికలకు ఒప్పుకున్నారు. ఓట్ల లెక్కింపులో కాంగ్రెస్ వెనకబడుతున్న జూన్ 12నే అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికను కొట్టేసింది.

జూన్ 26 తెల్లవారకముందే మొరార్జీని అరెస్టు చేశారు. సుమారు 19 నెలల నిర్బంధం. సూరత్ ఓటర్లు ఎన్నుకున్న మనిషి లోక్‌సభలో లేడు, ఎప్పుడొస్తాడో తెలియదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఎమర్జెన్సీలో పార్లమెంటును మూసేయలేదు. జూలై 21న సమావేశపరిచారు కూడా. ప్రశ్నోత్తరాల సమయం తీసేశారు. ప్రతిపక్ష నాయకుల్లో చాలామంది జైళ్లలో ఉన్నారు. మిగిలిన సభ అడిగిన సవరణలన్నిటికీ చేతులెత్తింది. 1976 మార్చిలో ముగియాల్సిన లోక్‌సభ గడువును ఏడాదేసి చొప్పున రెండుసార్లు పొడిగించారు. చార్లెస్ రాజుకు ఈ ఉపాయం తట్టలేదు. సభను ఆపడం కంటే ఖాళీ చేసి నడపడమే పాలకుడికి తేలికైన పని.

1977 జనవరి 18న ఎన్నికల ప్రకటనతో పాటు మొరార్జీ విడుదలయ్యారు. మార్చి 24న, 81వ ఏట, ప్రధాని అయ్యారు. ఆయన ప్రభుత్వం చేసిన పనుల్లో నిలిచిపోయింది 44వ సవరణ. ఆరేళ్లకు పెంచిన సభ గడువు మళ్లీ ఐదేళ్లకు వచ్చింది. లోపలి అలజడి పేరుతో ఎమర్జెన్సీ పెట్టే వీలు పోయి, సాయుధ తిరుగుబాటు అన్న కట్టుబాటు వచ్చింది. ఎక్కువమంది పట్టించుకోనిది 352వ అధికరణంలో చేరిన ఓ చిన్న క్లాజు. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు మంది సంతకాలతో నోటీసు ఇస్తే, ఎమర్జెన్సీని తోసిపుచ్చే తీర్మానం కోసం 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ పెట్టి తీరాలి. సభ సమావేశాల్లో లేకపోతే నోటీసు నేరుగా రాష్ట్రపతికే. ప్రభుత్వం పిలవకపోయినా సభ్యులే సభను పిలిపించుకోగల అరుదైన చోటు అది. జైలు చూసొచ్చినవాళ్లు రాసుకున్న నియమం.

అదే ప్రభుత్వం 1977 ఏప్రిల్ 30న తొమ్మిది రాష్ట్రాల కాంగ్రెస్ ప్రభుత్వాలను తొలగించి శాసనసభలను రద్దు చేయించింది. లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి ఆ సభలకు జనమద్దతు పోయిందన్నది వాదన. తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జత్తి సంతకానికి వెనకాడారు, చివరికి పెట్టారు. 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వేసిన ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలోకి రాలేదు. తర్కం ఎలా ఉన్నా, గడువున్న సభలను ఢిల్లీ కలంపోటుతో పంపేయడం 93వ సెక్షన్ వాసనే. గుజరాత్‌లో సభ రద్దుకు జనం వీధుల్లోకి వచ్చారు. ఇక్కడ అది ఢిల్లీలో కూర్చుని లెక్కలు వేసుకుని తీసుకున్న నిర్ణయం. ఈ తేడాను మొరార్జీ పట్టించుకున్నట్టు కనిపించదు.

మన రాష్ట్రంలో ఆ ఎన్నికల్లో జనతా గెలిచిన ఏకైక స్థానం నంద్యాల. అక్కడ నెగ్గిన నీలం సంజీవరెడ్డి మొదట స్పీకర్, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. 1979 జూలైలో కథంతా ఆయన బల్ల మీదికి చేరింది. జూలై 11న వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టారు. రోజుకో గుంపు జనతాను వదిలిపోయింది. ఓటింగ్ జరగకముందే, 15న, మొరార్జీ రాజీనామా చేశారు. సభ బలం సభలోనే తేలాలని జీవితమంతా చెప్పిన మనిషి ఆ ఒక్క ఓటింగ్‌కు నిలబడలేదు. నిలబడి ఓడిపోయి ఉంటే లెక్క సభలోనే, అందరి ముందూ తేలేది. అలా కాకుండా ఎంపీల పేర్ల జాబితాలు రాష్ట్రపతి భవన్‌కు వెళ్లాయి. మొరార్జీ ఒకటి ఇచ్చారు, చరణ్‌సింగ్ ఒకటి ఇచ్చారు. సంజీవరెడ్డి చరణ్‌సింగ్ వైపు తేల్చారు.

జూలై 28న ప్రమాణం చేసిన చరణ్‌సింగ్, ఆగస్టు 20న ఇందిర మద్దతు లేదని తేలగానే సభ ముందుకు రాకుండానే రాజీనామా ఇచ్చి రద్దుకు సలహా ఇచ్చారు. ప్రధానిగా లోక్‌సభను ఒక్కసారైనా ఎదుర్కోనివారు ఆయనొక్కరే. జనతా కొత్త నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వాలని అడిగారు. సంజీవరెడ్డి వినలేదు, 22న లోక్‌సభను రద్దుచేశారు. ఆ తర్వాత లోక్‌సభ మళ్లీ కూర్చున్నది 1980 జనవరిలోనే, కొత్త సభ్యులతో. ఆ ఎన్నికల్లో మొరార్జీ పోటీ చేయలేదు. సూరత్‌తో 22 ఏళ్ల బంధం అలా తెగింది.

1980 ఫిబ్రవరిలో, తిరిగి వచ్చిన ఇందిర 1977 నాటి వాదనే చేతబట్టి తొమ్మిది శాసనసభలను రద్దు చేయించారు. ఆ తొమ్మిదిలో ఈసారి గుజరాత్ కూడా ఉంది. మొరార్జీ అనుచరుడు బాబూభాయ్ పటేల్ ప్రభుత్వం పోయింది. 1994 మార్చిలో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, పార్లమెంటు ఆమోదం వచ్చేదాకా సభను రద్దుచేయకూడదని, అప్పటిదాకా నిలిపి ఉంచడమే చేయవచ్చని తేల్చేనాటికి మొరార్జీకి 98 ఏళ్లు. మరుసటి ఏడాది ఏప్రిల్ 10న ముంబైలో కన్నుమూశారు.