దాయమును ధర్మముగా మార్చిన పిఠాపుర ప్రభువు

మన జ్యోతినగర్, గోదావరిఖని ప్రాంతములనుండి అన్నవరము సత్యదేవుని దర్శనమునకు వెళ్లు భక్తులలో అనేకులు దారిలో పిఠాపురమున దిగి కుంతీమాధవస్వామిని సేవింతురు. కాశిలో బిందుమాధవుడు, ప్రయాగలో వేణీమాధవుడు, రామేశ్వరమున సేతుమాధవుడు వలె పంచమాధవులలో నొకడుగా ఈ స్వామి ప్రసిద్ధుడు. జమీందారీలు రద్దగువరకు ఆ పురమునకు ప్రభువులై యుండినవారు శ్రీ రాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరు వారు. ఆస్తి చేతికి వచ్చుట ఒక యెత్తు, దానికి పాత్రుడగుట మరియొక యెత్తు అని వారి చరిత్ర మనకు బోధించును.

సూర్యారావు గారి తండ్రి శ్రీ గంగాధర రామారావు గారు. వారికి చిరకాలము పుత్రసంతానము లేకపోవుటచే వేంకటగిరి రాజవంశమునుండి రామకృష్ణారావు గారిని దత్తత చేసికొనిరి. పిమ్మట 1885వ సంవత్సరమున సూర్యారావు గారు జన్మించిరి. దత్తుని స్వీకరించిన తరువాత ఔరసుడు కలిగినచో ఎవరి భాగమెంత యని మన ధర్మశాస్త్రములు విస్తరించి విచారించినవి. కాని పిఠాపురము అవిభాజ్యమైన సంస్థానము. ఒక్కరికే చెందవలసినది. తండ్రి మరణశాసనము వ్రాసి సంస్థానమును ఆ శిశువునకే యిచ్చి, 1890లో దివంగతులైరి. బాలునకు అప్పటికి అయిదేండ్లు. సంస్థానము కోర్టు ఆఫ్ వార్డ్సు వారి పాలనలోనికి వచ్చినది.

దత్తపుత్రుడు న్యాయస్థానమున ఆ శాసనమును ప్రశ్నించిరి. బాలుడు రాజునకు పుట్టినవాడే కాడనియు, పిత్రార్జితమును తండ్రి మరణశాసనముచే తనకు కాకుండ చేయజాలడనియు వారి వాదము. లోకము నెరుగని పసివానికి అతని జన్మమే వ్యాజ్యమున వివాదాంశ మగుటకంటె దారుణమేమున్నది? బాలుని పక్షమున కోర్టు ఆఫ్ వార్డ్సు వారు శాసనమును సమర్థించిరి. వ్యాజ్యము మద్రాసు ఉన్నత న్యాయస్థానము దాటి లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయినది. ప్రత్యేకమైన ఆచారము అడ్డు లేనిచో అవిభాజ్య సంస్థానమును ప్రభువు దానముగా నీయవచ్చుననియు, దానమీయగలవాడు మరణశాసనముచే గూడ ఈయవచ్చుననియు 1899లో తీర్పు వెలువడెను. శాసనము నిలిచినది.

దత్తుని వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1956కు పూర్వము సామాన్యమైన సమష్టి కుటుంబమున తండ్రి పిత్రార్జితమును మరణశాసనముచే తన యిష్టమువచ్చిన వారికి ఈయజాలకుండెను. ఆ నమ్మకముతోనే కన్నయిల్లు విడిచి మరియొక యింటికి పుత్రుడై వచ్చినవాని వేదన యెట్టిదో గ్రహింపవలెను. ఈ తీర్పు తరువాత 1902లోను, 1904లోను మద్రాసు ప్రభుత్వము చట్టములు చేసి జమీందారుల యిట్టి అధికారమునకు హద్దులు పెట్టినది. దత్తుని కుమారుడు తెచ్చిన మనోవర్తి దావా సైతము 1918లో ప్రివీ కౌన్సిలులో వీగిపోయెను. గెలిచినవారి వైభవమును తలచునపుడు ఓడినవారి దుఃఖమును మరువరాదు.

ఇట్లు లభించిన సంపదను సూర్యారావు గారు భోగములకై వెచ్చింపలేదు. రఘుపతి వేంకటరత్నము నాయుడు గారిని గురువుగా భావించి బ్రహ్మసమాజ మార్గము నవలంబించిరి. అర్చావతారమును నమ్మిన మనకు ఆ మార్గము భిన్నమైనదే. అయినను వారి దానశీలమునకు నమస్కరింపక తప్పదు. పసితనముననే తండ్రిని గోలుపోయిన ఆ ప్రభువు కాకినాడలో అనాథశరణాలయమును నెలకొల్పిరి. పిఠాపురము రాజావారి కళాశాలను పోషించిరి. హరిజన విద్యార్థులకు వసతి కల్పించిరి. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారిని, వేంకట పార్వతీశ కవులను ఆదరించిరి. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన మహానిఘంటువునకు ధనసహాయము చేసిరి. జయంతి రామయ్య పంతులు గారి పర్యవేక్షణలో దాని ప్రథమ సంపుటము 1936లో వెలువడెను. సూర్యరాయాంధ్ర నిఘంటువను పేర నేటికిని అది పండితుల కరదీపికయై యున్నది. 1964లో వారు కీర్తిశేషులైరి.

సంస్థానము పోయినది. వ్యాజ్యపు కాగితములు న్యాయగ్రంథములలో మిగిలినవి. జనుల నాలుకపై నిలిచినది మాత్రము దానము. సర్వమును శ్రీమన్నారాయణుని సొత్తు, మనము దానికి కాపరులము మాత్రమే యన్నది వైష్ణవుని విశ్వాసము. కావున గృహస్థులు తమ యిష్టమును సంతానమునకు బ్రతికియుండగనే తెలియజెప్పి, స్పష్టముగా వ్రాసి, సాక్షులచే సంతకములు చేయించి యుంచుట మేలు. అన్నదమ్ములు న్యాయస్థానపు మెట్లెక్కు దుర్గతి కొంతవరకైన తప్పును. దాయాదుల పోరులో వంశమే నశించుట కన్నులార జూచిన కుంతీదేవి పేరు ధరించిన ఆ మాధవుడు మన యిండ్లలో ఐకమత్యమును ప్రసాదించుగాక.