మన మెడకు స్కార్ఫు కట్టిన అనీబిసెంట్

మన బడిలో చదువుకున్నవాళ్లలో చాలామందికి పాఠాల కంటే స్కౌటు దళమే ఎక్కువగా గుర్తుంటుంది. అరకు లోయలో డిసెంబరు ఉదయం పొగమంచుకు పక్కవాడి ముఖం కూడా ఆనేది కాదు. ఆ చలిలోనే ఖాకీ చొక్కాలు తొడుక్కుని, మెడకు స్కార్ఫులు కట్టుకుని, ఈల వినగానే పరుగున వచ్చి వరుసలో నిలబడేవాళ్లం. ఎడమచేత్తో కరచాలనం ఎందుకు చేస్తారో తెలియకపోయినా గర్వంగా చేసేవాళ్లం. ఏటా ఫిబ్రవరి 22న బేడెన్ పావెల్ దొర పటానికి దండ వేసేవాళ్లం. ఆ స్కార్ఫు ఆయనే తెచ్చి మనకిచ్చాడని అనుకునేవాళ్లం.

అది సగమే నిజం. ఒకప్పుడు ఈ దేశంలో పుట్టిన పిల్లలకు ఆ స్కార్ఫు కట్టుకునే వీలు లేదు. ఆ అడ్డు తొలగడానికి పాటుపడినవారిలో అనీబిసెంట్ ఒకరు. ఆమె పేరు హోంరూల్ ఉద్యమం దగ్గర చదివి, పరీక్ష రాసి, మరిచిపోయాం. మన సంఘం స్వర్ణోత్సవ వేళ ఆమెను స్కౌటు పిల్లల వైపు నుంచి ఒకసారి తలుచుకుందాం.

ఆమె 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టారు. పుట్టింటి పేరు వుడ్, వారిది ఐర్లండు మూలాలున్న కుటుంబం. అయిదేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లికి ఇల్లు గడవడమే కష్టమైంది. తల్లి స్నేహితురాలైన ఎలెన్ మేరియట్ ఆ పిల్లను తన దగ్గర ఉంచుకుని చదివించారు. పరాయి ఇంట పెరిగి చదువుకున్న బాధ, దాని విలువ రెండూ ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న మనలో చాలామందికీ అవి తెలిసినవే.

ఇరవయ్యేళ్లకు, 1867లో, ఫ్రాంక్ బిసెంట్ అనే మతాచార్యుడితో పెళ్లయింది. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. మతం మీద ఆమెకు కలిగిన సందేహాలు భర్తకు నచ్చలేదు. 1873లో ఇద్దరూ విడిపోయారు. ఆ తరువాత ఆమె చార్లెస్ బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణ గురించిన ఒక పుస్తకాన్ని ప్రచురించారు. దాని మీద 1877లో కేసు నడిచింది. ఇలాంటి తల్లి దగ్గర పిల్ల పెరగకూడదంటూ మరుసటి ఏడాది కోర్టు కూతురిని కూడా ఆమె నుంచి తీసుకుపోయింది. తన పిల్లలను తాను పెంచుకోలేకపోయిన ఈ తల్లి ఆ తరువాత జీవితమంతా పరాయి పిల్లల కోసం పనిచేశారు.

1888లో లండన్‌లో అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసే ఆడపిల్లల దుస్థితిని ఆమె పత్రికలో బయటపెట్టారు. సుమారు 1400 మంది సమ్మెకు దిగి గెలిచారు. ఆ ఏడాది చివర ఆమె లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. ఆకలితో వచ్చే పిల్లకు పాఠం తలకెక్కదని వాదించి, పేదపిల్లలకు బడిలో భోజనం కోసం పోరాడారు. మధ్యాహ్న భోజనం తిని చదువుకున్న మనకు ఆ మాటలోని నిజం వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

దివ్యజ్ఞాన సమాజంలో చేరిన ఆమె 1893 నవంబరులో భారతదేశానికి వచ్చి, ఇదే తన ఇల్లనుకున్నారు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీని స్థాపించారు. తరువాత మాలవీయ గారి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి అదే మొదటి మెట్టయింది. 1907లో సమాజ అధ్యక్షురాలై మద్రాసు అడయారులో స్థిరపడ్డారు. 1915లో మన తెలుగు నేల మీద మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది.

ఆమె చేసినవన్నీ వివాదాలు లేనివని చెప్పలేం. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముణ్ణి ఆమె తన సంరక్షణలోకి తీసుకున్నారు. పిల్లలను తిరిగి ఇవ్వమని తండ్రి కోర్టుకెక్కారు. మద్రాసులో ఓడిన ఆమె 1914లో ప్రివీ కౌన్సిల్లో గెలిచారు. బిడ్డను కోర్టు పట్టుకుపోతే తల్లి పడే బాధ ఎరిగిన మనిషే ఒక తండ్రికి అలాంటి బాధ కలిగించారు. ఇది కూడా ఆమె జీవితంలో భాగమే.

ఇక స్కౌటింగ్ సంగతి. బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది కుర్రాళ్లతో మొదటి శిబిరం నడిపారు. మరుసటి ఏడాది ఆయన పుస్తకం వచ్చింది. 1909లోనే మన దేశంలో, బెంగుళూరులో, మొదటి దళం ఏర్పడింది. అయితే అందులో చేరింది తెల్లవారి పిల్లలు, ఆంగ్లో ఇండియన్ పిల్లలు. భారతీయుల పిల్లలకు చోటు లేదు. జాడ పట్టడం, పటం చదవడం, రహస్య సంకేతాలు పంపడం, పదిమందిని ఒక మాట మీద నడిపించడం ఇవన్నీ నేర్చుకున్న కుర్రాళ్లు రేపు తమకే ఎదురు తిరుగుతారేమోనని దొరల భయం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ విద్యలు దొరల సొంతం కావు. బేడెన్ పావెల్ సైనికుడిగా 1876లో మన దేశానికి వచ్చి పనిచేశారు, తరువాత ఆఫ్రికాలో పనిచేశారు. కొండల్లో, అడవుల్లో బతికే జనం దగ్గర చూసి నేర్చుకున్నది ఆయన బోధనలో చాలానే ఉంది. స్కౌటు మాస్టర్లు మెడలో వేసుకునే వుడ్ బ్యాడ్జి పూసలకు మూలం దినుజులు అనే జులూ రాజుగారి హారమని ఉద్యమ చరిత్ర చెబుతుంది. చిన్నపిల్లల కబ్ విభాగానికి కథ మధ్య భారతపు అడవుల్లో నడిచే మౌగ్లీ కథే. మన అడవి కథ తీసుకుని ఆట తయారుచేసి, మన పిల్లలనే ఆటలోకి రానివ్వలేదన్నమాట.

దీన్ని చూస్తూ ఊరుకోని వారు దేశంలో కొందరున్నారు. ఉత్తరాన షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయ్ 1913లో భారతీయ బాలురతో దళం నడిపారు. మాలవీయ, హృదయనాథ కుంజ్రూ గార్లు అలహాబాదు కేంద్రంగా సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. దక్షిణాన ఆ పని అనీబిసెంట్, ఆమె సహచరుడు జార్జ్ అరండేల్ చేపట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పుట్టింది. ఆమె పిల్లలు టోపీకి బదులు తలపాగా చుట్టారు. ఇంగ్లీషు పాటలకు బదులు ఈ దేశపు పాటలు పాడారు. ఏ కులంవాడైనా ఒకే గుడారంలో పడుకుని, ఒకే వంట తినాలన్నది ఆమె ఆశ. కులం పేరుతో బావి కూడా వేరుగా ఉన్న ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు.

అప్పటికి ఆమె వయసు డెబ్బైకి దగ్గర పడింది. 1916 సెప్టెంబరులో హోంరూల్ లీగు పెట్టారు. 1917 జూన్‌లో ప్రభుత్వం ఆమెను, అరండేల్‌ను, బి.పి. వాడియాను ఊటీలో నిర్బంధించింది. దేశమంతా గగ్గోలెత్తింది. సెప్టెంబరులో విడిచిపెట్టక తప్పలేదు. ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమే.

1921 మొదట్లో బేడెన్ పావెల్ మన దేశానికి వచ్చారు. మద్రాసులో ఆమెతో మాటలు జరిగాయి. ఆమె సంఘం ప్రధాన సంఘంలో కలిసిపోయింది. దానితో భారతీయ బాలురకు అధికారికంగా ప్రవేశం దొరికింది. ఆమెను భారతదేశ స్కౌట్లకు గౌరవ కమిషనరుగా నియమించారు. సేవా సమితి వారు మాత్రం కలవకుండా తమ దారిన తాము నడిచారు. ఎవరిది సరైన దారి అని ఇప్పుడు కూర్చుని తీర్పు చెప్పలేం. లోపలికి వెళ్లి చోటు సంపాదించినవారూ, బయట నిలబడి సొంత ఇల్లు కట్టినవారూ ఇద్దరూ కావలసి వచ్చారు.

ఈ మాట మన కొండల్లో మరీ బాగా అర్థమవుతుంది. ఆ కలయిక జరిగిన మరుసటి ఏడాది, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు మన్యంలో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశారు. జాడలు చదవగల, చీకట్లో కొండదారి పట్టగల గిరిజన వీరులు ఆయన వెంట నడిచారు. రెండేళ్లపాటు సర్కారు సేనలకు నిద్ర లేదు. దొరలు భయపడిన విద్య ఏ స్కౌటు పుస్తకమూ చదవని మన తాతల చేతుల్లో ఉంది. అనీబిసెంట్‌ది ఆ దారి కాదు. ఆమె చట్టం లోపల ఉండి పోరాడాలనేవారు, గాంధీగారి సహాయ నిరాకరణను కూడా ఒప్పుకోలేదు. అందువల్ల ఆమె వెంట నడిచిన జనం తగ్గిపోయారు. ఒకప్పుడు బ్రహ్మరథం పట్టిన సభల్లోనే ఆమెను మాట్లాడనివ్వని రోజులు వచ్చాయి. అయినా పిల్లల పని వదలలేదు. 1932లో స్కౌటు ఉద్యమంలో అత్యున్నతమైన సిల్వర్ వుల్ఫ్ గౌరవం ఆమెకు దక్కింది. 1933 సెప్టెంబరు 20న, 85 ఏళ్ల వయసులో, అడయారులో కన్నుమూశారు.

ఆమె పోయాక కూడా కథ సాఫీగా నడవలేదు. 1938లో చాలామంది పాత సంఘం నుంచి విడిపోయి హిందూస్థాన్ స్కౌట్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, విడివిడిగా ఉన్న బాలుర సంఘాలు ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టింది. మొదటి జాతీయ కమిషనరు హృదయనాథ కుంజ్రూ గారు. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ కూడా వచ్చి కలిశారు. ప్రతిజ్ఞలో రాజుగారి పేరు పోయి దేశం మిగిలింది. ప్రథమ సోపానం నుంచి రాష్ట్రపతి పురస్కారం దాకా మనం ఎక్కిన మెట్లన్నీ ఆ ఇంటివే.

మిత్రులారా, ఇంతా చెప్పింది పాత చరిత్ర కోసం కాదు. మన బడిలో ఇప్పుడు స్కౌటు దళం లేదు. మాస్టారు బదిలీ అయ్యాక ఈల మోగడం ఆగిపోయింది. దళం పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దొరల కాలంలో మన పిల్లలను రానివ్వనివారు వేరే ఉన్నారు. ఇప్పుడు అడ్డుపెట్టేవారెవరూ లేరు, పట్టించుకునేవారే లేరు.

మొదటిసారి ముడులు నేర్పిన రోజు నాకు ఇంకా గుర్తుంది. మైదానం నుంచి వచ్చిన మాస్టారు నైలాను తాడుతో క్లోవ్ హిచ్ వేసి చూపించారు. వెనక వరుసలో ఉన్న పోర్జా కుర్రాడు దానికన్నా గట్టి ముడి వేసి చూపించాడు. వాళ్ల ఇంట్లో అడ్డనార తాడుతో ఎద్దును అలాగే కడతారట. మాస్టారు నవ్వి, ఆ రోజు నుంచి ముడుల పాఠం వాడి చేతే చెప్పించారు. తెలుగు సరిగా రాదని తరగతిలో నోరు మెదపని వాడు స్కౌటు దళంలో నాయకుడయ్యాడు.

మన పిల్లలకు గెడ్డ దాటడం తెలుసు. ఊటనీరు ఎక్కడ పడుతుందో తెలుసు. అడ్డాకులతో విస్తరి కుట్టడం, తడిసిన కట్టెతో మంట రాజేయడం తెలుసు. ధింసాలో ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఒకే అడుగు వేయడం తెలుసు. ఇవన్నీ చదువే అని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. అలా చెప్పేది స్కౌటు దళం. ఆడపిల్లలకు గైడ్స్ కూడా అంతే.

స్వర్ణోత్సవం పేరుతో మనం వేదిక కడతాం, శాలువాలు కప్పుకుంటాం, ఫోటోలు దిగుతాం. దానితోపాటు ఒక దళానికి సరిపడా స్కార్ఫులు, నాలుగు గుడారాలు, తాళ్లు, ఒక ఈల కొనిద్దాం. శిక్షణకు వెళ్లే ఉపాధ్యాయుడి ఖర్చు సంఘం భరించాలి. నెలకొక ఆదివారం మనలో ఇద్దరు వంతుల వారీగా వచ్చి పిల్లలతో గడపాలి. అనీబిసెంట్ డెబ్బై ఏళ్ల వయసులో, సముద్రం దాటి వచ్చి, తనవి కాని పిల్లల కోసం చేసిన పని ఇది. మనం కొండ దిగి వెళ్లినవాళ్లమే. మన పిల్లల కోసం కొండెక్కి రావడానికి అంత దూరమేమీ లేదు.