వంటింట నేర్చిన అక్షరం.. ఊరూరా మోసిన పుస్తకం

సికింద్రాబాద్: ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ చదవడం నేర్చుకున్న బాలుడు, పెరిగి పెద్దవాడై సికింద్రాబాద్ కేంద్రంగా తెలంగాణ పల్లెలకు పుస్తకాలు చేరవేశాడు. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి.

1915లో నల్గొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని మాదారం గ్రామంలో పేద వైష్ణవ కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి కన్నుమూయడంతో బడి చదువు సాగలేదు. పొట్టకూటి కోసం ఒక ఉపాధ్యాయుని ఇంట పనికి కుదిరారు. ఆ ఇంటి పనుల నడుమనే ఆయనకు చదువు అబ్బింది.

నిజాం రాజ్యంలో అప్పట్లో బడి చేరినవారి పరిస్థితీ గొప్పగా లేదు. పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే సాగేవి. తెలుగులో సొంతంగా పాఠశాల పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఎందరో తెలుగు పిల్లలకు రాత అంటే పరాయి భాషలో అప్పగించవలసిన పాఠమే. బెత్తం భయం తెలిసిన చేయి కలం పట్టడానికి జంకడం సహజం. ఆళ్వారుస్వామికి ఆ జంకు అంటలేదు. అందని బడి ఆయనలో అక్షరంపై తీరని ఆకలిని మిగిల్చింది. ఆ ఆకలి తనలాంటి వారందరిదీ అని గ్రహించడమే ఆయన ప్రత్యేకత.

విజయవాడలో హోటల్ సర్వర్‌గా పనిచేస్తూ తీరిక దొరికినప్పుడల్లా గ్రంథాలయానికి వెళ్లి చదువుకున్నారు. తరువాత హైదరాబాద్ చేరి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడర్ అయ్యారు. పరుల వాక్యాలలోని అచ్చుతప్పులు దిద్దే ఆ కొలువే ఆయనకు కళాశాల.

దేశోద్ధారకగా పేరొందిన కాశీనాథుని నాగేశ్వరరావు పరమపదించిన 1938లోనే ఆళ్వారుస్వామి సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పారు. చేతిలో పెట్టుబడి లేదు, వెనుక ధనికులు లేరు. అయినా ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించారు. వాటిని అంగడిలో పేర్చి కూర్చోలేదు. మూట కట్టుకుని ఊరూరా తిరిగి, ఇంటింటి గడప తొక్కి అమ్మారు. చదువుకున్నవారే పుస్తకం కొనడానికి వెనుకాడే ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

పుస్తకంతోనే ఆయన ఆగలేదు. ఆంధ్ర మహాసభలో పనిచేశారు. గుమాస్తాలను, హోటల్ పనివారిని, రిక్షా కార్మికులను సంఘటితం చేశారు. గుమాస్తా పేరిట పత్రిక నడిపారు. ఫలితంగా జైలు తప్పలేదు. నిజామాబాద్ జైలులో ఆయనకు తోడుగా ఉన్న యువకవి దాశరథి కృష్ణమాచార్య పళ్లు తోముకునే బొగ్గుతో గోడలపై పద్యాలు రాసేవారు. ఆ దాశరథి తన తొలి కావ్యం అగ్నిధారను తరువాత ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

సాటి ఖైదీల బతుకులే ఆయనకు కథావస్తువులైనాయి. జైలు లోపల కథలు అలా వచ్చినవే. దొరల పెత్తనం కింద నలిగిన పల్లెను చిత్రించిన ప్రజల మనిషి నవలలో కథానాయకుడు కంఠీరవం కూడా పేద వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడే. పండితుల మెప్పు కోరే భాష ఆ నవలలో కానరాదు. బడి ముఖం చూడని రైతుకు చదివి వినిపించినా అర్థమయ్యే తెలుగు అది.

ఆ కథకు కొనసాగింపుగా గంగు నవల మొదలుపెట్టారు. అది పూర్తికాకముందే 1961లో మరణించారు. అసంపూర్ణంగా మిగిలిన ఆ రచన ఆయన మరణానంతరం వెలువడింది.