గుడిపాటి వెంకట చలం

గుడిపాటి వెంకట చలం (మే 18, 1894 - మే 4, 1979) ప్రముఖ తెలుగు రచయిత. చలం పేరుతో సుప్రసిద్ధుడు. స్త్రీ స్వేచ్ఛను గురించిన రచనలతో పాటు, పిల్లల పెంపకంపై ఆయన వ్రాసిన "బిడ్డల శిక్షణ" కూడా పేరు పొందింది.

జీవిత విశేషాలు

చలం మద్రాసులో జన్మించాడు. తల్లి వెంకటసుబ్బమ్మ, తండ్రి కొమ్మూరి సాంబశివరావు. తాతగారైన గుడిపాటి వెంకటరామయ్య దత్తత తీసుకోవడంతో ఇంటిపేరు మారింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివేటప్పుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గాడు. హోస్పేటలోను, రాజమండ్రి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోను పనిచేసి, తరువాత పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశాడు. బెత్తం రాజ్యమేలిన ఆనాటి బడులను ఆ విధంగా దగ్గర నుండి చూడగలిగాడు.

బిడ్డల శిక్షణ

బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కారని చలం వాదించాడు. కొట్టడం, భయపెట్టడం వలన పిల్లలు బాగుపడరనీ, తప్పును దాచడం మాత్రమే నేర్చుకుంటారనీ ఆయన అభిప్రాయం. కనుక మార్పు ముందుగా పెద్దలలో రావాలి. లైంగిక విషయాలను పాపంగా చూసే ధోరణిని ఆయన తన రచనలన్నిటా వ్యతిరేకించాడు. ఈ భావాలు ఆనాటి పెద్దలకు ఆగ్రహం కలిగించాయి.

నేటి దృష్టిలో

చలం వైద్యుడు కాడు. పిల్లల ప్రవర్తనా సమస్యలకు చికిత్సాలయాలు భారతదేశంలో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. బొంబాయిలో టాటా సంస్థ ఆధ్వర్యాన 1937లో అటువంటి కేంద్రం ఏర్పడింది. చిన్నపిల్లలలో శరీరం గురించిన కుతూహలం సహజమని నేటి వైద్యులు చెబుతారు. అయితే బలవంతం ఉన్నా, వయసులో ఎక్కువ తేడా ఉన్నా, వారించినా మానకున్నా అది చికిత్స అవసరమైన సమస్య. ఆ చికిత్సలో తల్లిదండ్రులు గాని, పెంచేవారు గాని తప్పక పాల్గొంటారు. బిడ్డను అవమానించక, స్పష్టమైన హద్దులు ఏర్పరచి, కనిపెట్టి ఉండడం వారు నేర్చుకుంటారు. ఇతర పిల్లల రక్షణకూ ఇది ముఖ్యం. దండన కన్న పెద్దల మార్పు ప్రధానమన్న చలం మాట ఇక్కడ నిలుస్తుంది. కాని స్వేచ్ఛ ఒక్కటే చాలదని, హద్దులూ కావాలని నేటి అనుభవం తెలుపుతున్నది.

చివరి దశ

1950లో చలం కుమార్తె సౌరిస్‌తో కలిసి తిరువణ్ణామలైకి తరలివెళ్ళాడు. చిత్తూరు నుండి వేలూరు మీదుగా చేరదగిన ఈ తమిళనాడు క్షేత్రాన్ని తెలుగువారు అరుణాచలం అంటారు. రమణ మహర్షి ఆశ్రమ సమీపంలో శేషజీవితం గడిపి, అక్కడే మరణించాడు.