మొదటి సాలార్ జంగ్ : ఒక దివాను మోసిన బరువు

సంస్థాగత ప్రవర్తన, అధికార దత్తత, పాత్ర సంఘర్షణ, ఉద్యోగపు ఒత్తిడి - ఈ మాటలు వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు పాఠ్యగ్రంథముల ద్వారా పరిచితములే. ఆ గ్రంథములలోని ఉదాహరణలు చాలవరకు పాశ్చాత్య దేశపు కర్మాగారాలకు చెందినవి. కాని ఈ పదాలు వాడుకలోకి రాకముందే, మన నేలమీదనే, వాటి భారాన్నంతటినీ మోసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రలో మొదటి సాలార్ జంగ్‌గా ప్రసిద్ధులు. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో మా చదువరుల ముందుంచదలచినాము.

ఆయన 1829 జనవరి 21న జన్మించినారు. చిన్ననాటనే తండ్రి గతించగా, పినతండ్రి సిరాజుల్‌ముల్క్ సంరక్షణలో పెరిగినారు. యౌవనారంభంలోనే ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా పనిచేసి, రైతు కష్టమేమిటో, లెక్కల పుస్తకమంటే ఏమిటో కళ్లారా చూచినారు.

మన యాప్రాల్‌కు పొరుగుననే ఉన్న బొల్లారంలో ఆనాడు హైదరాబాదు కంటింజెంటు సేన విడిది చేసి ఉండేది. ఆ సేన జీతాల బకాయిలు పెరిగి పెరిగి, చివరకు 1853 మే 21నాటి ఒడంబడికతో బేరారు రాష్ట్రమే కంపెనీ చేతికి పోయినది. జీతములు సకాలంలో చెల్లించలేని సంస్థకు ఎంతటి ముప్పు వాటిల్లునో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. ఆ తరువాత కొద్ది రోజులకే దివానుగా ఉన్న పినతండ్రి మరణించినారు. మే 31న తురాబ్ అలీ దివాను పదవి చేపట్టినారు. అప్పటికి ఆయన వయస్సు 24 ఏండ్లు.

ఆయనకు సంక్రమించినది ఖాళీ ఖజానా. భూమిశిస్తు వసూలు గుత్తకు ఇవ్వబడేది. గుత్తేదారుకు ప్రభుత్వం జీతమియ్యదు. కనుక అతడు తన లాభాన్ని రైతు నుండి పిండుకొనేవాడు. జీతం అందని అరబ్బు, రోహిల్లా సైనికులు, అప్పు తీరని సాహుకార్లు గ్రామాలనే తాకట్టుగా పట్టుకొని కూర్చునేవారు. తప్పు కేవలం మనుషులది కాదనీ, వారిని అట్లా నడిపిస్తున్న ఏర్పాటుదనీ సాలార్ జంగ్ గ్రహించినారు. మనిషిని నిందించుటకు ముందు వ్యవస్థను పరిశీలించవలెనని నేటి శాస్త్రం చెప్పేది కూడ ఇదే.

కనుక ఆయన గుత్తపద్ధతిని క్రమంగా తొలగించి, నెలజీతం గల ఉద్యోగులను నియమించినారు. తాకట్టులో ఉన్న తాలూకాలను విడిపించినారు. 1865లో జిల్లాబందీ అమలుచేసి రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, తాలూక్‌దారు, తహశీల్‌దారు మొదలుగా ఒకరికొకరు జవాబుదారులయ్యే అంతస్తులను ఏర్పరచినారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్‌మహాములను నియమించినారు. పని విభజన, అధికార పరంపర అని మనం తరగతిలో వ్రాసుకొనేవి ఇవియే. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది కూడ ఆయన కాలముననే.

ఇక ఆ పనికి ఆయన చెల్లించిన మూల్యమెంత? ఆయనకు యజమానులు ఇద్దరు. ఒకరు నిజాం ప్రభువు, మరొకరు రెసిడెంటు. ఒకరికి చేరువైతే మరొకరికి అనుమానం. నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, ప్రభువు అనుమతి లేనిదే ఆయన తన ఇంటి తోట ఆవరణ దాటి వెళ్లుటకైనా వీలులేకపోయినది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినపుడు ఆయన ఆంగ్లేయుల పక్షం వహించినారు. ఆ నిర్ణయాన్ని నేటికీ తప్పుపట్టేవారున్నారు. వారి మాటను త్రోసిపుచ్చలేము. 1859లో ఒకసారి, 1868లో మరొకసారి ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగినవి. రెండు పర్యాయములూ ప్రాణాలతో బయటపడినారు. పాత్ర సంఘర్షణ అంటే ఏమిటో ఆయన గ్రంథములలో చదువలేదు, ప్రతిదినమూ అనుభవించినారు.

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్లయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ పేర పాలనాభారం సహరాజప్రతినిధిగా ఆయనపై పడినది. బేరారును తిరిగి పొందుటయే ఆయన జీవితాశయం. అందుకొరకు 1876లో ఇంగ్లండుకు బయలుదేరి, దారిలో పారిస్‌లో మెట్లపై జారి కాలు విరిగినను ప్రయాణం మానలేదు. లండన్‌లో సత్కారాలు లభించినవి, బేరారు లభించలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి, 54 ఏండ్ల వయస్సున, పదవిలో ఉండగానే పరమపదించినారు.

ఆయన శాఖలను పంచినారు గాని, తుది నిర్ణయభారాన్ని చాలవరకు తనవద్దనే ఉంచుకొన్నారు. అటువంటి భారం ఎవరిపై పడినా బరువే. కుమారుడు లాయఖ్ అలీ ఖాన్ 1884లో, ఇరవైయొక్క ఏండ్లు కూడ సరిగా నిండీ నిండని ప్రాయంలో, దివాను అయినారు. మూడేండ్లకే, 1887లో, పదవి విడిచినారు. 1889లో అకాలమరణం చెందినారు. తండ్రి నిర్మించిన కచేరీలు, జిల్లాలు, జీతాల పద్ధతి మాత్రం నిలిచినవి.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండు. క్రమమైన జీతం, స్పష్టమైన బాధ్యత లభించినపుడే ఉద్యోగి నుండి నిజాయితీని ఆశించగలము. రెండవది, ఎంతటి సమర్థుడైనను అన్నింటినీ తన భుజాలపైననే మోయరాదు. రేపు కార్యాలయములలో ప్రవేశించబోయే విద్యార్థులకు మొదటిది హక్కు, రెండవది హెచ్చరిక. సంస్థలను నడిపే పెద్దలకు రెండునూ కర్తవ్యములే.