మూత తీసి పెట్టిన మనిషి

బస్సు అనగానే మనకి ఆర్టీసీ బస్సే గుర్తొస్తుంది. నాకు ఇరవై రెండేళ్ళపాటు అన్నం పెట్టింది మాత్రం మరో రకం బస్సు. కంప్యూటరు లోపల ప్రాసెసరునీ, మెమరీనీ, తక్కిన భాగాలన్నిటినీ కలిపే ఉమ్మడి తీగల వరసని కూడా బస్సు అనే అంటారు. రెండు మాటలూ ఆమ్నిబస్ అనే ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. అందరి కోసం అని దాని అర్థం. ఆ తీగల వరసని నిజంగానే అందరికీ పంచిపెట్టిన ఒక మనిషి గురించి ఈ సావనీరులో నాలుగు మాటలు రాయాలనిపించింది. బిల్ గేట్స్, స్టీవ్ జాబ్స్ పేర్లు మన పిల్లలకి కూడా తెలుసు. డాన్ ఎస్ట్రిడ్జ్ పేరు ఒకప్పుడు పత్రికల్లో వాళ్ళ పేర్ల పక్కనే కనిపించేది. ఇప్పుడు ఈ రంగంలోనే తల నెరిసిన మిత్రులు కూడా ఎవరాయన అని నన్ను అడుగుతున్నారు.

పూర్తి పేరు ఫిలిప్ డొనాల్డ్ ఎస్ట్రిడ్జ్. 1937 జూన్ 23న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పుట్టారు. తండ్రి ఫొటోగ్రాఫరు. 1959లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. సైన్యానికి రాడార్ పని, ఐ.బి.ఎం. ఉద్యోగం, నాసా గొడార్డ్ కేంద్రంలో కొన్నాళ్ళు, 1969లో మళ్ళీ సొంత రాష్ట్రంలోని బోకా రేటన్ ఊరికి బదిలీ. అక్కడ సిరీస్/1 అనే మినీ కంప్యూటరు మీద పనిచేశారు గానీ, దానివల్ల ఆయనకి పెద్ద పేరేమీ రాలేదు. నలభై మూడేళ్ళు వచ్చేవరకూ పెద్ద కంపెనీలో కనిపించే వేలాది మేనేజర్లలో ఆయన ఒకరు, అంతే.

1980లో బిల్ లోవ్ అనే అధికారి, ఏడాదిలో చిన్న కంప్యూటరు తయారుచేసి ఇస్తామని ఐ.బి.ఎం. పెద్దలకి మాట ఇచ్చారు. ఆ కంపెనీలో ఏ యంత్రానికైనా నాలుగైదేళ్ళు పట్టే రోజులవి. కొద్ది నెలల్లోనే లోవ్ వేరే పనికి వెళ్ళిపోయారు. మాట నిలబెట్టే భారం ఎస్ట్రిడ్జ్ మీద పడింది. మొదట చేతిలో ఉన్నది డజనుమంది ఇంజనీర్లు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 1975 జనవరిలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన ఆల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటరుని లోకానికి చూపించారు. అందులో ప్రతి భాగం ఒక కార్డు. ప్రతి కార్డూ 100 పిన్నుల కనెక్టరులోకి దిగుతుంది. వంద పిన్నులే ఎందుకంటే ఆ కనెక్టర్లు చవగ్గా దొరికాయట! ఏ పిన్ను పక్కన ఏ పిన్ను ఉండాలన్నది కూడా పెద్దగా ఆలోచించి పెట్టినట్టు కనిపించదు. అయినా ఇతరులు దానికి సరిపోయే కార్డులు చేసి అమ్ముకున్నారు. దానికే తరవాత ఎస్-100 బస్సు అని పేరొచ్చింది. 1977లో వచ్చిన యాపిల్-2లో ఎనిమిది స్లాట్లు పెట్టారు. జాబ్స్ రెండు చాలన్నా వినకుండా వోజ్నియాక్ పట్టుబట్టి పెట్టించిన స్లాట్లవి. ఎస్ట్రిడ్జ్ ఇంట్లో ఉన్నది యాపిల్-2యే. కొన్నవాడు తన పెట్టె మూత తానే తీసి, కావలసిన కార్డు తానే దించుకోవచ్చునన్న సంగతి ఆయన ఎవరో చెబితే విన్నది కాదు.

ఆయన చేసిన పనులు ఐ.బి.ఎం. సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. ప్రాసెసరు ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది, ప్రింటరు ఎప్సన్‌ది. ఫ్లాపీ డ్రైవులు మన భారతీయుడు జుగి టాండన్ కంపెనీవి. అమ్మకం సియర్స్, కంప్యూటర్‌ల్యాండ్ దుకాణాల్లో. 1981 ఆగస్టు 12న న్యూయార్కులో ఐ.బి.ఎం. పి.సి.ని ప్రకటించారు. ప్రారంభ ధర 1,565 డాలర్లు.

మూత తీస్తే ఐదు స్లాట్లు. ఒక్కోదానికి 62 పిన్నులు. వాటిలో 20 చిరునామా తీగలు, 8 డేటా తీగలు, 6 ఇంటరప్టు తీగలు. మిగిలినవి కరెంటు, ఇతర సంకేతాలు. పని జరిగే తీరు మన పల్లెటూరి పోస్టుమాన్ పద్ధతే. ప్రాసెసరు చిరునామా తీగల మీద ఒక నంబరు పిలుస్తుంది. ఆ పిలుపు అన్ని కార్డులకీ వినిపిస్తుంది, ఆ నంబరు తనదైన కార్డే పలుకుతుంది. కార్డుకే అవసరం పడితే ఇంటరప్టు తీగ లాగి ప్రాసెసరుని పిలుస్తుంది. ఒకే తీగని రెండు కార్డులు పట్టుకుంటే తగాదా! చిన్న చిన్న జంపర్లు పీకి, మార్చి, మళ్ళీ గుచ్చి ఆ తగాదాలు తీర్చిన రాత్రులు నా తరం వాళ్ళకి బాగా గుర్తుండే ఉంటాయి.

ఐదు స్లాట్లలో స్క్రీనుకి ఒకటి, ఫ్లాపీకి ఒకటి పోతే మిగిలేవి మూడే. ఈ ఇరుకులోంచే ఒక పరిశ్రమ పుట్టింది. ఎందుకంటే ఎస్ట్రిడ్జ్ బృందం స్లాట్ల వివరాలు, సర్క్యూట్ల పటాలు, చివరికి బయాస్ ప్రోగ్రాముతో సహా ఒక పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. ఏ.ఎస్.టి. వాళ్ళు మెమరీ, గడియారం, పోర్టులు కలిపి ఒకే కార్డు మీద పెట్టారు. థాయ్‌లాండు నుంచి వచ్చిన వాన్ సువన్నుకుల్ అనే విద్యార్థి, తన థీసిస్ సొంత లిపిలో రాసుకోవడానికి స్క్రీను కార్డు తయారుచేసుకుంటే, అదే హెర్క్యులిస్ కార్డయింది. అంతటితో ఆగలేదు. మా టెక్సాస్‌లోని కాంపాక్ కంపెనీ, కాపీరైటుకి చిక్కకుండా బయాస్‌ని సొంతంగా రాయించి, అచ్చం పి.సి.లాగా పనిచేసే యంత్రాన్ని 1982 నవంబరులో ప్రకటించింది.

ఎస్ట్రిడ్జ్ చేసినవన్నీ గొప్ప పనులే అని నేను అనను. ఇళ్ళ కోసమని 1983 నవంబరు 1న ప్రకటించిన పి.సి. జూనియర్‌లో మామూలు పి.సి. కార్డులు దిగవు, ప్రత్యేకం దానికే చేసిన భాగాలని పెట్టె పక్కన తగిలించాలి. కీబోర్డు మరీ నాసిరకం. తాను తెరిచిన తలుపుని తన హయాంలోనే మూసేశారు! 1985 మార్చికల్లా దాని ఉత్పత్తి ఆగింది. కానీ 1984 ఆగస్టులో వచ్చిన పి.సి. ఏ.టి.లో మాత్రం పాత స్లాటు చివర 36 పిన్నుల చిన్న స్లాటు చేర్చి 16 బిట్ల బస్సు చేశారు. పాత కార్డుల్లో చాలామటుకు అందులోనూ నడిచేవి. నాబోటివాడి దృష్టిలో కొనుక్కున్నవాడికి ఇచ్చే గౌరవమంటే అదే.

స్టీవ్ జాబ్స్ ఆయన్ని యాపిల్ అధ్యక్షుడిగా రమ్మని, ఏడాదికి పది లక్షల డాలర్ల జీతం ఇస్తామన్నారని చెబుతారు. ఆయన వెళ్ళలేదు. పదివేలమంది ఉద్యోగుల స్థాయికి పెరిగిన ఆ విభాగాన్ని 1985 మొదట్లో ఆయన చేతిలోంచి తీసి, తయారీ వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంటు పదవి ఇచ్చారు. పేరుకి పదోన్నతి.

ఆ ఏడాది ఆగస్టు 2 సాయంత్రం, ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి వచ్చిన డెల్టా 191 విమానం మా డాలస్ ఎయిర్‌పోర్టులో దిగబోతూ, ఉరుముల మబ్బులోంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడిన గాలిలో చిక్కుకుని కూలిపోయింది. 114 హైవే మీద కారులో వెళుతున్న ఒకరితో సహా 137 మంది పోయారు. విమానంలో ఐ.బి.ఎం. ఉద్యోగులు కొందరున్నారు. ఎస్ట్రిడ్జ్, ఆయన భార్య మేరీ ఆన్ ఇద్దరూ మరణించారు. ఆయన వయసు 48. నలుగురు ఆడపిల్లలు ఒక్క సాయంత్రంలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. ఆ ప్రమాదం తరవాతే, అలాంటి గాలిని పసిగట్టి హెచ్చరించే పరికరాలు విమానాల్లో ఉండాలని 1988లో అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది. ఎయిర్‌పోర్టు ఉత్తరాన ఫౌండర్స్ ప్లాజాలో 2010లో స్మారకం కట్టారు. విమానాలు చూపించడానికి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళే మన వాళ్ళు ఎందరో. బోకా రేటన్‌లో ఒక మిడిల్ స్కూలుకి ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయాక 1987లో ఐ.బి.ఎం. మైక్రో చానెల్ అనే కొత్త బస్సుతో తలుపు మూయబోయింది. కాంపాక్‌తో సహా తొమ్మిది కంపెనీలు 1988లో ఒక్కటై, పాత బస్సునే పెంచి ఈసా అని ప్రకటించాయి. 2005లో ఐ.బి.ఎం. పి.సి. వ్యాపారాన్నే లెనోవోకి అమ్మేసింది. తలుపు తీయడంవల్ల ఇల్లు గుల్లయిందని ఎస్ట్రిడ్జ్‌ని తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. కంపెనీ లెక్కల్లో అది నిజమే కావచ్చు. నాకు మాత్రం సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు కళ్ళముందు మెదులుతుంది. 1990లలో అక్కడి చిన్న చిన్న కొట్లలో, తలా ఒక దేశం నుంచి వచ్చిన కార్డులు దించి అసెంబుల్డ్ కంప్యూటర్లు కట్టి ఇచ్చేవారు. కంపెనీ సరుకు కొనే స్తోమత లేని మధ్యతరగతి పిల్లలు చాలామంది వాటి మీదే ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఈ దేశాలకి వచ్చారు.

అంతకంటే ముందు ఇంకో సంగతి ఉంది. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలైన పరిశోధన 1980ల చివర పుణేలోని సీడాక్‌లో జిస్ట్ కార్డుగా తయారైంది. దాన్ని పెట్టెలో దించితే, డాస్ మీద నడిచే వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ఇంగ్లీషు ప్రోగ్రాములని మార్చకుండానే వాటిలో మన లిపులు టైపు చేయవచ్చు. అక్షరం కింద ఒత్తు ఎక్కడ పడాలో, గుణింతం ఎలా తిరగాలో అంతా ఆ కార్డే చూసుకునేది. ఆ రోజుల్లో పి.సి. తెర మీద తెలుగు చూసినవాళ్ళలో చాలామంది చూసింది ఆ కార్డు పుణ్యమానే. అది దిగింది కూడా బోకా రేటన్‌లో గీసిన ఆ స్లాటులోకే.